బతికొచ్చిన సత్యలక్ష్మి

పోయిన వారం తబితా టీచరమ్మను చర్చి హాల్లో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిణ్ణి కదిలిస్తాను.

అనకాపల్లిలో సండే స్కూలుకు వెళ్ళిన పిల్లల్లో తబితా టీచరమ్మ పుస్తకం చదవనివాళ్ళు తక్కువ. పిల్లల కోసం, దేవుడి కోసం ముప్పై ఒక్క పుస్తకాలు రాసింది. భర్త జాన్ పాల్ మాస్టారు తన చిన్న ప్రెస్సులో వాటన్నిటినీ ఒక్కో అక్షరం పేర్చి అచ్చువేశాడు. ఆయన పోయి అయిదేళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. పుస్తకాలన్నిట్లోకీ పేరు తెచ్చింది ‘సముద్రపు ఒడ్డు సత్యలక్ష్మి’. చినరేవు అనే పల్లెలో బంగారయ్య అనే జాలరి కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, జ్వరంతో ప్రార్థన చేస్తూ కన్నుమూసిన కథ అది. నిజ కథ అని అట్ట మీదే ఉంటుంది. టీచరమ్మ ఆ ఊరి బళ్ళో పనిచేసినప్పుడు ఆ పిల్ల ఆవిడ చేతుల్లోనే పోయింది. పేరు, ఊరు, తండ్రి పేరు దేన్నీ మార్చలేదు. ఏటా నవంబరులో పిల్లల పండక్కి దాన్ని నాటకంగా వేస్తారు.

ఈ ఏడు, అంటే 2007లో, నాటకం నేర్పిస్తున్నది జాన్ పాల్ అన్న కొడుకు స్టాన్లీ. సత్యలక్ష్మి వేషం అతని కూతురు సిరిది. శనివారం మధ్యాహ్నం రిహార్సల్లో సిరి తెల్ల గౌనుతో మంచం మీద పడుకుని కళ్ళు మూసింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఎవరో “ఓలమ్మో! అది నానే గదా!” అని అరిచారు.

అక్కడ ఆపాం.

సిరి ఒక కన్ను తెరిచి చూసింది. చనిపోయినవాళ్ళు కళ్ళు తెరిస్తే స్టాన్లీ హాలు దద్దరిల్లేలా కేకలేస్తాడు. ఇవాళ అతను కూడా గుమ్మం వైపే చూస్తున్నాడు.

గుమ్మంలో ఉన్న మనిషికి ముప్పై ఏళ్ళ లోపే ఉంటాయి. ఎండకు కమిలిన మొహం, పువ్వుల నైలాన్ చీర, చంకలో ప్లాస్టిక్ సంచీ. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. మంచం మీద సిరినీ, చుట్టూ మోకాళ్ళ మీద ఏడుస్తున్న పిల్లల్నీ చూసి నవ్వాలో భయపడాలో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరమ్మా నువ్వు?” అంది తబితా.

“నాను సత్యలక్ష్మినమ్మా. సినరేవు బంగారయ్య కూతుర్ని. ఇప్పుడు ఈ గుంటలు సెప్పేరు గదా, ఆ బంగారయ్యే. మా నాయనమ్మ పేరు అప్పలనర్సమ్మని కూడా సెప్పేరు. అదీ నిజివే.” మళ్ళీ మంచం వైపు చూసింది. “మరి నాను సచ్చిపోవడం ఏటి? ఎప్పుడు సచ్చిపోనాను?”

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తబితా నవ్వలేదు. చనిపోయినవాళ్ళు లేస్తారని నలభై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి, ఒకరు లేచి ఎదురుగా నిలబడేసరికి బెంచీ పట్టుకుని కూలబడింది. సంతోషం కాదు, భయం వేసింది. ఆ మాట నేను దాచను.

స్టాన్లీ తేరుకుని పిన్ని చెవి దగ్గరికి వంగాడు. “ఇదేదో మోసం పిన్నీ. పుస్తకం సదివి ఎవరో పంపించేరు.”

మెల్లగా మాట్లాడ్డం స్టాన్లీకి చేతకాదు. ఆమె విననే విన్నది. “సదూకోడం నాకు రాదు బాబూ” అంది. కోపం లేదు, ఉన్న సంగతి చెప్పింది.

“పిల్లల్ని ఇళ్ళకి పంపించెయ్యి” అంది తబితా.

టీచరమ్మ ఇల్లు చర్చి ప్రహరీని ఆనుకునే ఉంది. రెండు గదులు, వెనక వంటిల్లు. ముందు గదిలో గోడకు జాన్ పాల్ ఫోటో, దాని కింద అద్దాల బీరువాలో ముప్పై ఒక్క పుస్తకాలు. సత్యలక్ష్మి కుర్చీ వద్దని గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె కళ్ళు గోడల మీదే తిరుగుతున్నాయి. దేనికోసమో వెతుకుతున్నట్టుంది.

తబితా గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక్కటి తేలిస్తే చాలనుకుంది. ఆ పిల్ల ఎడమ మడమకు ఆల్చిప్ప గీసుకుని, పొడుగ్గా మచ్చ ఉండేది. పసుపు పెట్టి కట్టు కట్టింది తనే. “ఏదీ, నీ ఎడం కాలు మడమ చూపించు తల్లీ” అంది.

సత్యలక్ష్మి విస్తుపోయి కాలు చాపింది. పగుళ్ళున్నాయి, ఇసక అంటుకుని ఉంది. మచ్చ లేదు.

“చూశావా పిన్నీ!” అన్నాడు స్టాన్లీ.

“ఆల్సిప్ప మచ్చా?” అంది సత్యలక్ష్మి. మొహం ఒక్కసారి విచ్చుకుంది. “అది నాది కాదమ్మా! మా సెల్లిది. కొర్లమ్మది. మీకు బలే గేపకం ఉందే!”

“చెల్లెలా?” అంది తబితా.

“మరి మీ బళ్ళోకి వచ్చింది అదే గదా. నాను కాదు.” సత్యలక్ష్మి చిన్నప్పటి తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని చెప్పింది. “మీరు మా ఊరు రాకముందు ఒకటో తరగతిలో నా పేరు రాయించేరమ్మా. ఆ ఏడే మా అయ్యా అమ్మా గుజరాత్‌లో ఈరావలు రేవుకి సేపల ఏటకెళ్ళిపోనారు, తమ్ముణ్ణి సూసుకోడానికి నన్ను తీసుకుపోనారు. పేరు కొట్టించేత్తే బళ్ళో ఎట్టే ఉప్మా ఆగిపోద్దని మా నాయనమ్మ నా బదులు సెల్లిని పంపించింది. నా పేరు పిలిత్తే అది ‘అండీ’ అనీది. రెండేళ్ళు అలాగే అనీది. ఇప్పుడు ఎవురికైనా సెప్పీయకండే.”

తబితా ఆ బడికి వెళ్ళేసరికి రిజిస్టరులో పేర్లు రాసి ఉన్నాయి. సత్యలక్ష్మి అని పిలిచింది, ముందు వరసలో ఒక పిల్ల లేచి అండీ అంది. టీచర్లకు అంతకంటే రుజువేం కావాలి? పిల్ల నాయనమ్మ కూడా ఎప్పుడూ ‘గుంట’ (మా వైపు పిల్లను అలాగే అంటారు) అనేదే తప్ప పేరు పెట్టి పిలిచేది కాదు.

ఇప్పుడు ఆవిడకు వరసగా ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. పందొమ్మిదేళ్ళ కిందట నవంబరు. పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే బస్సులో అనకాపల్లి ఆసుపత్రికి తెచ్చింది. తుఫానుకు దార్లు తెగిపోయాయి. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది. శవాన్ని ఊరికి తీసుకెళ్ళే వీలు లేక ఇక్కడే, చర్చివాళ్ళ సమాధుల దొడ్డిలో పూడ్చారు. నీళ్ళు తీశాక చినరేవు వెళ్ళి నాయనమ్మకు చెప్పి వచ్చింది జాన్ పాల్. ఏడవలేక తను వెళ్ళలేదు.

చనిపోయింది ఈమె కాదు. ఈమె చెల్లెలు. ఆ సంగతి ఇక్కడ కూర్చున్న అక్కకు తెలియదు.

“నా మీద ఎందుకు రాసేరో గానీ, రాసుకోండి” అంటోంది సత్యలక్ష్మి. “బతికున్నదాన్ని సంపేసి నాటకం ఆడతన్నారని మా ఈరావలోళ్ళకి సెప్తే పొట్ట సెక్కలయ్యేలా నవ్వుతారు. అది పోనీండి. నానొచ్చింది దానికి కాదు.” ఆమె ముందుకు జరిగి కూర్చుంది. “మా కొర్లమ్మ ఏదీ టీచరమ్మా?”

స్టాన్లీ పిన్ని వైపు చూశాడు.

“మీరే గదా పెంచుకున్నారు. ఈ ఇంట్లోనే గదా పెరిగింది. దాని ఫోటో ఒక్కటీ లేదేటి? వచ్చిన కాడ్నించి గోడలన్నీ సూత్తన్నాను.”

“పెంచుకున్నామని ఎవరు చెప్పేరు?” అని అడిగాడు స్టాన్లీ.

“అదే సెప్పింది బాబూ. ఉత్తరాల్లో.”

సత్యలక్ష్మి ప్లాస్టిక్ సంచీ విప్పింది. లోపల ఇంకో సంచీ, దానిలో గుడ్డ, గుడ్డలో నీలం రంగు ఇన్లాండ్ కవర్ల కట్ట. సముద్రపు గాలికి అంచులు పొట్టు రాలుతున్నాయి. “పద్నాలుగున్నాయి. ఏటా బడులు తెరిసీ ముందు ఒకటి వచ్చీది. ఈరావల్లో మన తెలుగాయన సదివి ఎట్టీవోడు. అయిదేళ్ళయింది, ఆగిపోనాయి. మేం రాయించిన జాబులు ఎనక్కొచ్చీసేయి. ఉత్తరాల ఎనక రాసున్న ప్రెస్సు కాడికి ఇందాక ఎల్లేను. మూసేసేరంట. టీచరమ్మ చర్చి కాడుందని అక్కడోళ్ళే సెప్పేరు.”

తబితా కళ్ళజోడు పెట్టుకుని పైనున్న ఉత్తరం తీసుకుంది. విప్పక్కర్లేకపోయింది. చిరునామా చాలు. అక్షరాలు కుదురుగా, దేనికదే విడివిడిగా, ప్రతి పొల్లూ గట్టిగా ఒత్తి రాసినవి. ముప్పై ఒక్క పుస్తకాల ప్రూఫుల అంచుల్లో ఆ చేత్తో దిద్దుబాట్లు చూసింది. పెళ్ళయిన కొత్తలో తన పుట్టింటికి వచ్చిన జాబుల మీద చూసింది. ఈ ఇంట్లో రాసేది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

“ఇది బాబాయి రాతే గదా!” అన్నాడు స్టాన్లీ. తర్వాత ఎందుకన్నానా అని నాలిక కరుచుకున్నాడు. సత్యలక్ష్మి వినిపించుకోలేదు. ఆమె కళ్ళన్నీ టీచరమ్మ మొహం మీద ఉన్నాయి.

తబితా ఉత్తరం విప్పింది.

‘అక్కకు చెల్లి కొర్లమ్మ రాయునది. నేను ఆరో తరగతి పాసయ్యాను. టీచరమ్మ గారు నాకు జడ గట్టిగా వేస్తారు, తల నొప్పెడుతుంది కానీ చెప్పను. మాస్టారు గారు ప్రెస్సులో నా పేరు అక్షరాలతో పేర్చి చూపించారు, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది. పెరట్లో జామచెట్టు ఈ ఏడు కాపుకొచ్చింది. మొదటి కాయ నాకే ఇచ్చారు. అమ్మను బెంగ పెట్టుకోవద్దని చెప్పు.’

పెరట్లో జామచెట్టు ఉంది. దాని మొదటి కాయ ఆ ఏడు ఎవరు తిన్నారో ఆవిడకు గుర్తులేదు. ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ జడ వేసింది లేదు. పక్క గదిలో తాను దేవుడి కథలు రాసుకుంటూ ఉంటే, ఆయన ప్రెస్సులో కూర్చుని ఏటా ఒక వయసు పెంచి ఒక కూతుర్ని రాసుకున్నాడన్నమాట. తనకొక్క మాట చెప్పలేదు. తబితాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఫోటోలో ఆయన ఎప్పటిలాగే నోరు మెదపకుండా చూస్తున్నాడు.

“ఆకర్ది ఇదమ్మా” అని సత్యలక్ష్మి ఇంకోటి తీసి ఇచ్చింది. “నర్సు పని దొరికింది, దూరం ఎల్తన్నానని రాసింది. ఏ ఊరో సెప్పలేదు. మీకు తెలుత్తాది గదా. మా అయ్య ఏటలోనే పోనాడు. అమ్మకి గుండె పాడయిపోనాది, డాట్రు ఎక్కువ రోజులు లేవన్నాడు. సచ్చిపోయే ముందు కొర్లమ్మ కాడికి తీసుకెళ్ళమని ఒకటే పోరు. అందుకే ఈరావలు నించి అమ్మని తెచ్చేను. బయట ఆటోలోనే కూకుంది, అడుగు తీసి అడుగు ఎయ్యలేదు. సెల్లి ఫోను నంబరన్నా ఇయ్యండమ్మా, నాను మాటాడతాను.”

“ఒక్క నిమిషం ఉండమ్మా” అన్నాడు స్టాన్లీ. పిన్ని రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

“సెప్పీకు పిన్నీ” అన్నాడు, ఈసారి నిజంగానే గొంతు తగ్గించి. కంగారులో అతనికీ ఊరి మాటే వచ్చేస్తోంది. “దుబాయి ఎల్లిందని సెప్పేద్దాం. నంబరు మారిందందాం. ఆ ముసలావిడ ఎన్నాళ్ళుంటాది? హాయిగా పోనీ. పద్నాలుగేళ్ళు బాబాయి నడిపిన బండి ఇంకో నెల మనం నడపలేమా? నిజం సెప్తే ఏటవుద్దో తెలుసా? నిజ కథ అని అట్ట మీద అచ్చేసేం. రేపు ప్రతి సంఘవూ అడుగుద్ది. నీ పేరు ఏటవ్వాలి?”

తబితా గట్టు మీద చేతులాన్చి నిలబడింది. స్టాన్లీ చెడ్డవాడు కాదు. ఆవిడకు అతని మాట ఎంత నచ్చిందో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఒక అబద్ధం చాలు, అందరూ సుఖంగా ఉంటారు.

“పుస్తకంలో ఆ పిల్ల ఆఖరి మాట ఏటి?” అని అడిగింది.

స్టాన్లీకి అది కంఠతా వచ్చు. “‘మా అమ్మ ఏడవకూడదని చెప్పండి, నేను ప్రభువు ఇంట్లో ఉంటాను.’ అక్కడే గదా జనం కళ్ళు తుడుచుకునేది.”

“ఆ మాట నేను రాసేను. ఆ పిల్ల అనలేదు.” తబితా అతని వైపు తిరిగింది. “రెండు రోజులు ఒకటే మాట అంది. టీచరమ్మా, నా పేరు సత్యలక్ష్మి కాదు, నన్ను నా పేరు పెట్టి పిలవండి అంది. జ్వరంలో పలవరిస్తంది అనుకున్నాను. ‘అలాగేనమ్మా సత్యలక్ష్మీ’ అన్నాను స్టాన్లీ. అలాగే అన్నాను! అది నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగిపోయింది. పిల్లల పుస్తకంలో అలాంటి చావు బాగోదని మార్చేను. నీ పేరేటి అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగి ఉంటే అయిపోను గదా.”

పిన్ని ఏడవడం స్టాన్లీ బాబాయి పోయినప్పుడు కూడా చూడలేదు.

ఆవిడ పైటతో మొహం తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. సత్యలక్ష్మి ఆశగా లేచి నిలబడింది. చేతిలో అప్పుడే ఒక పెన్నూ, సిగరెట్ పెట్టె అట్టముక్కా పట్టుకుని ఉంది, నంబరు రాయించుకోడానికి. తబితా ఆ అట్టముక్క చూసింది. నోటిదాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయింది. ఈమెతో చెప్పలేను, ముందు కన్నతల్లితో చెప్పాలి అనుకుంది. ఇది ధైర్యమో పిరికితనమో నేను తేల్చలేను.

“మీ అమ్మ దగ్గరికి వెళ్దాం పద” అంది.

ఆటో గేటు బయట వేపచెట్టు నీడలో ఆగి ఉంది. వెనక సీట్లో ఒక ఆడమనిషి దిండుకు ఆనుకుని కూర్చుంది. మనిషి చిక్కి ఎముకలు తేలింది. కాళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. పేరు సింహాచలం. తబితాను చూసి నమస్కారం పెట్టబోతే చేతులు పైకి లేవలేదు.

తబితా ఆటో పక్కన రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. అటుగా పోతున్న సైకిలాయన ఆగి మరీ చూశాడు. “సింహాచలమ్మా, నేను మీ పిల్లని బళ్ళో చదివించిన టీచరుని. నీకొక మాట చెప్పాలి. నేను నీ బిడ్డని పెంచుకోలేదు. కొర్లమ్మ...”

“నాకు ఎరికే” అంది సింహాచలం.

తబితా తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

“ఆ తుపాను ఎలిసిన నెలకి మీ మాస్టారు ఈరావలు వచ్చేడు. రెండ్రోజులు రైల్లో కూకుని, నన్ను ఎతుక్కుంటా రేవుకొచ్చేడు. బిడ్డ పోనాదని మొహం మీద సెప్పి, నా కాడే కూకుని ఏడిసేడు. మీ అత్త సెప్పిన పేరూ బడి రిజిస్టరు పేరూ ఏరు ఏరు, సచ్చిపోనాది ఏ పిల్లో నాకు తెలవాలమ్మా అన్నాడు.”

ప్రెస్సుకు కొత్త టైపులు కొనాలని ఆ ఏడు జాన్ పాల్ సికింద్రాబాద్ వెళ్ళి పది రోజులకు తిరిగొచ్చాడు. టైపులు దొరకలేదన్నాడు. తబితా నమ్మింది.

“ఏటంతన్నావే అమ్మా?” సత్యలక్ష్మి గొంతు వెనకనుంచి వినిపించింది. “ఎవురు పోనారు? మరి ఉత్తరాలు?”

సింహాచలం కూతురివైపు చూడలేదు. “రాయమని ఆయన కాళ్ళు పట్టుకున్నది నానే. ఆయన నావల్ల కాదన్నాడు, నాను వదల్లేదు. నీ పేరున బడికెల్లి నీ సెల్లి సచ్చిపోనాదని తెలిత్తే నువ్వు బతకవే. నీకప్పుడు పదేళ్ళు. రోజూ పొద్దున లేచి సెల్లెప్పుడొత్తాది అని అడిగీదానివి. నీకు ఏటని సెప్పను?” ఊపిరి అందక ఆగింది. తర్వాత తబితా చెయ్యి వెతికి పట్టుకుంది. “టీచరమ్మా, నాను దాన్ని సూడ్డానికి రాలేదు. దాన్ని ఎక్కడ పాతిపెట్టేరో అక్కడికి తీసుకుపో. ఒక్కపాలి ఆ మట్టి మీద సెయ్యి ఏత్తాను.”

సత్యలక్ష్మి ఏడవలేదు. ఆటో రాడ్డు పట్టుకుని, తల్లినీ టీచరమ్మనూ మార్చి మార్చి చూసింది. చర్చి హాలు వైపు తిరిగింది. అక్కడ సిరి ఇంకా తెల్ల గౌనులోనే మెట్ల మీద నిలబడి ఉంది.

“రాయి పాతేరా దానికి?” అని అడిగింది.

తబితా తలూపింది.

“ఆ రాయి మీద ఏ పేరు సెక్కించేరు టీచరమ్మా?”